ఒక్క క్రెడిట్ కూడా వృథా కాలేదు

మా కాలేజీలో రెండేళ్ళపాటు కంప్యూటర్ సైన్స్ చెప్పకుండా ఉండటానికి మేం పడిన కష్టం పగవాడికి కూడా వద్దు. చెప్పడం తేలిక. సుద్దముక్క, బల్ల, కాస్త గొంతు ఉంటే ఎవడైనా చెప్పేస్తాడు. చెప్పకుండా ఉండాలంటేనే కమిటీలు కావాలి, ఉపకమిటీలు కావాలి, వాటికి టీలు, సమోసాలు, శాలువాలు కావాలి. ఇవన్నీ ప్రభుత్వం మాకు ఏ లోటూ లేకుండా సమకూర్చింది. అబద్ధమెందుకు, కంప్యూటర్లు కూడా ఇచ్చింది.

నా పేరు పరాంకుశం. గుమ్మనంపాలెం ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్ని. మా పథకం వినడానికి చాలా బాగుంటుంది. నాలుగేళ్ళ డిగ్రీలో మొదటి రెండేళ్ళు పిల్లలు ఇంటి అన్నం తింటూ మా దగ్గర చదువుతారు. ఒక్కో సబ్జెక్టు పాసైనప్పుడల్లా కొన్ని క్రెడిట్లు చేతికొస్తాయి. ఆ క్రెడిట్లు పట్టుకెళ్ళి విశ్వవిద్యాలయంలో చూపిస్తే, అక్కడ అవి చెల్లితే, నేరుగా మూడో సంవత్సరంలో కూర్చోబెడతారు. దీన్నే బదలాయింపు అంటారు. అందరికన్నా ముందున్న ఒక్కరికి హాస్టల్‌తో సహా ఉచితంగా సీటు. అది మా మొదటి బ్యాచ్‌కి మాత్రమే ఇచ్చిన వరం.

ఇంతలో ఒక అపశ్రుతి. మాకంటే ముందు ఈ పథకం మొదలుపెట్టిన మరేదో కాలేజీ పిల్లలు చచ్చీచెడీ రెండేళ్ళు చదివి వెళ్తే, మీ చదువూ మా చదువూ ఒకటి కాదు పొమ్మని విశ్వవిద్యాలయం సగం క్రెడిట్లు కొట్టేసింది. పేపర్లో పడింది. మామూలుగా అయితే కొట్టేసినవాళ్ళని అడగాలి. మన ప్రభుత్వంవాళ్ళు క్రెడిట్లని పట్టుకున్నారు. క్రెడిట్లు వృథా కావడం జాతికి నష్టం కనుక వాటిని సమూలంగా అరికట్టాలని తీర్మానించి, ‘వృథా క్రెడిట్ల నిర్మూలనా కార్యక్రమం’ పెట్టారు. ఇకమీదట కాలేజీలకి ర్యాంకులు చదువునుబట్టి కాదు, వృథానుబట్టి.

ఆ ఉత్తర్వు వచ్చిన పొద్దున నేను మొదటి క్లాసు చెబుతున్నాను. బోర్డు మీద నాలుగు లైన్లు రాశానో లేదో, ప్రిన్సిపాల్ డాక్టర్ సర్వోత్తమరావు గారు కాగితం ఊపుకుంటూ లోపలికి వచ్చారు. ఆయనది ప్రాచీన చరిత్ర. జరిగిపోయినవాటి మీద ఆయనకున్న పట్టు జరుగుతున్నవాటి మీద ఉండదు.

“ఏం చెబుతున్నారు పరాంకుశం గారూ?”

“లూప్ అండి. ఒకే పనిని మళ్ళీ మళ్ళీ ఎలా చేయించాలో.”

“ఈ పాఠాన్ని విశ్వవిద్యాలయంవారు అంగీకరిస్తారని లిఖితపూర్వకంగా ఉందా?”

“లూప్ ఎక్కడైనా లూపే కదండీ.”

“అది మీ వ్యక్తిగత అభిప్రాయం.” కళ్ళజోడు సవరించుకుని కాగితం చదివారు. “ఆమోదిత బదలాయింపు ప్రణాళిక లేని ఏ విద్యార్థియు ఏ తరగతియందును కూర్చొనరాదు. కూర్చొనినచో సదరు క్రెడిట్ వృథాగా పరిగణింపబడును. సదరు వృథాకు సదరు అధ్యాపకుడే బాధ్యుడు. సదరు అధ్యాపకుడంటే మీరే. చెరిపేయండి.”

“బోర్డు మీదది చెరుపుతానండీ. పిల్లల బుర్రల్లోకి వెళ్ళింది?”

“వెళ్ళేంతసేపు చెప్పలేదుగా. ఏం పర్లేదు.”

చెరిపేశాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. పేరు దీవెన. వాళ్ళమ్మ కరుణమ్మ మిర్చి కోల్డు స్టోరేజీలో కాయల తొడిమలు తీస్తుంది. ఈ అమ్మాయికి నర్సింగులో సీటొచ్చింది. కంప్యూటర్ల మీద మోజుతో, రెండేళ్ళయ్యాక ఆ ఉచిత సీటు కొట్టొచ్చన్న ధీమాతో, దాన్ని వదులుకుని మా దగ్గర చేరింది. మా కాలేజీని నమ్మిన మొదటి మనిషి.

“సార్, మరి క్లాసులు ఎప్పుడు మొదలుపెడతారు?” అంది.

“ప్రణాళిక ఆమోదం పొందిన మరుక్షణం అమ్మా,” అన్నారు ప్రిన్సిపాల్ గారు.

సరే, ఆమోదం సంగతేమిటో తేల్చుకుందామని నేనూ దీవెనా బస్సెక్కి విశ్వవిద్యాలయానికి వెళ్ళాం. ఆమె విద్యార్థుల ప్రతినిధి. అక్కడ సమానత నిర్ధారణ విభాగమని ఒకటుంది. దానికి డైరెక్టరు ప్రొఫెసర్ గోవిందాచార్యులు గారు. బల్ల మీద ఫైలు లేదు, పెన్ను లేదు, ధూళి కూడా లేదు. ఆ బల్ల చూడగానే నాకు గుండె జారింది.

“మీ కోర్సు మా కోర్సుతో సర్వసమానంగా ఉండాలి,” అన్నారు.

“మీ సిలబస్ ఇప్పిస్తే అదే చెబుతాం సార్.”

“ఏ సిలబస్? ప్రస్తుతం అమలులో ఉన్నదా? ఈ అమ్మాయి మా వద్దకు రాబోయేది రెండేళ్ళ తర్వాత. అప్పటికి ఇది మారిపోతుంది. ఆ మారిన దానితో సమానంగా ఉండాలి.”

“ఆ మారింది ఎప్పుడు తయారవుతుందండీ?”

“మారినప్పుడు.”

దీవెన ఉండబట్టలేకపోయింది. “సార్, ఇప్పుడున్నది ఇప్పుడు చదువుకుంటా. మారింది వచ్చాక తేడా ఉన్నదేదో అదీ చదువుకుంటా. రెండూ వస్తే మంచిదే గదా.”

గోవిందాచార్యులు గారు ఆమెవంక ఎంతో జాలిగా చూశారు. “తేడా ఉన్నది చదివితే దాన్నే వృథా అంటారమ్మా.”

“వృథా ఎట్టా అవుద్ది సార్? నాకు వచ్చుద్ది గదా.”

“రావడం వేరు, చెల్లడం వేరు. విద్యారంగంలో ఈ విచక్షణ చాలా ముఖ్యం.” నా వైపు తిరిగారు. “మరొక అంశం. మీ ప్రణాళిక మా సిలబస్‌తో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. అయితే మక్కికి మక్కి ఉండరాదు. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ మా వద్ద ఉంది. అది పట్టుకుంటే కళాశాలను నిషేధిత జాబితాలో చేరుస్తాం.”

“అక్షరం పొల్లుపోకూడదు, కాపీ కాకూడదు. అంతేనా సార్?”

“చక్కగా గ్రహించారు. ఇంత త్వరగా గ్రహించినవారు ఇంతవరకు రాలేదు.”

తిరుగు బస్సులో దీవెనే నాకు ధైర్యం చెప్పింది. “ఏం కాదు సార్, ఏదో ఒకటి చేస్తారు. గవర్నమెంటోళ్ళు గదా, ఊరకే మొదలుపెట్టరు గదా,” అంది. నేను గవర్నమెంటులో పాతికేళ్ళుగా ఉన్నాను కాబట్టి నోరు మూసుకున్నాను.

లేని సిలబస్‌కి సమానమైన ప్రణాళిక రాయడమంటే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అయినా మేం తగ్గలేదు. సర్వోత్తమరావు గారికి ఒక మహత్తరమైన ఆలోచన తట్టింది. స్టాఫు మీటింగులో లేచి నిలబడి చెప్పారు.

“మిత్రులారా, చదివితే వృథా అయ్యే ప్రమాదం ఉంది. ప్రణాళిక రచిస్తే ఆ ప్రమాదం లేదు. కనుక ప్రణాళికా రచననే బోధనాంశంగా స్వీకరిద్దాం. విద్యార్థి తాను చదవబోయే చదువును గురించి చదువుతాడు. చదువు రాగానే చదివేస్తాడు.”

అందరూ చప్పట్లు కొట్టారు. టీ వేడిగా ఉండటంచేత నేను కొంచెం ఆలస్యంగా కొట్టాను. ఆ ఆలస్యాన్ని కూడా ఆయన గమనించారు.

మర్నాటికి టైంటేబుల్ మారింది. బదలాయింపు ప్రణాళిక ఒకటి, బదలాయింపు ప్రణాళిక రెండు, బదలాయింపు విలువలు మరియు నైతికత. కంప్యూటర్ ల్యాబు బోర్డు పీకేసి ‘ప్రణాళికా మందిరం’ అని రాయించారు. కంప్యూటర్లకి దుప్పట్లు కప్పారు. ఫ్యాను గాలికి చార్టులు ఎగిరిపోతుంటే, బరువుకి ఏమీ దొరక్క, మౌసులూ కీబోర్డులూ తెచ్చి వాటి మీద పెట్టారు. దసరాకి దుప్పట్లు తీసి ఆయుధపూజ చేశారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, అన్నీ యథావిధిగా జరిగాయి. తర్వాత మళ్ళీ కప్పేశారు. ఆ ఏడాదంతా కంప్యూటర్లకి జరిగిన మర్యాద అదొక్కటే.

సబ్జెక్టన్నాక గైడు రాకుండా ఉంటుందా? పరీక్షలు ఇంకా నెలుండగానే బజార్లో ఆల్ ఇన్ వన్ దిగింది, ముఖ్యమైన ప్రశ్నలకి చుక్కలు పెట్టి మరీ. మూడు చుక్కలున్న ప్రశ్న ఇది: ‘చదవబోవు చదువును చదువుటకు ముందు చదవకుండా ఉండవలసిన ఆవశ్యకతను సోదాహరణముగా వివరింపుము.’ పరీక్షలో అదే వచ్చింది. పిల్లలు అడిషనల్ షీట్లు అడిగి అడిగి రాశారు. దీవెన అన్నిట్లో ఫస్టు. సీటు కావాలి కదా, పళ్ళబిగువున బట్టీ పట్టింది.

రెండో ఏడు మొదటి సెమిస్టరు పరీక్షలకి విశ్వవిద్యాలయం నుంచి స్క్వాడ్ వచ్చింది. పిల్లల జేబుల్లో ప్రణాళిక స్లిప్పులు బోలెడు దొరికాయి. ఇవి మామూలేనని వదిలేశారు. గది బయట పెట్టిన దీవెన సంచీలో మాత్రం ఒక ప్రోగ్రామింగ్ పుస్తకం దొరికింది. పాత పుస్తకాల బండి మీద కొన్నదట. మార్జిన్లలో పెన్సిల్‌తో లెక్కలు చేసి ఉన్నాయి. అంటే చదివిందన్నమాట. స్క్వాడ్‌వాళ్ళు ఆ పుస్తకాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి తీసుకొచ్చారు.

“ఎన్నాళ్ళనుంచి సాగుతోందమ్మా ఇది?” అన్నారు సర్వోత్తమరావు గారు. కోపంగా కాదు. ఇంట్లో పిల్ల చెడు తిరుగుళ్ళు తిరుగుతోందని తెలిసిన తండ్రికి ఉండే బాధ ఆ గొంతులో ఉంది.

“ఇంట్లోనే సార్. అన్నం తిన్నాక కాసేపు.”

“నువ్వు చదివినదంతా రేపు సిలబస్‌లో లేదని తేలితే? కళాశాల పేరేం కావాలి? మన వృథా ఇప్పటిదాకా సున్నా అమ్మా. రాష్ట్రంలో మరెవరికీ లేదు.”

“కాలేజీలో చదవలేదు గదా సార్. దానికి క్రెడిట్ కూడా అడగట్లేదు.”

“క్రెడిట్ అడగకుండా చదవడం మరింత ప్రమాదకరం. అది లెక్కకు అందదు.” ఒక తెల్లకాగితం ఆమె ముందుకు తోశారు. “ఇకమీదట ఆమోదం లేకుండా కంప్యూటర్ సైన్స్ చదవనని హామీ రాసియ్యి. లేకపోతే ఆ సీటుకి నీ పేరు పంపడం నా చేతుల్లో ఉండదు.”

దీవెన నావైపు చూసింది. నేను ఏదో అనబోయాను. “మీరు సదరు అధ్యాపకులు, గుర్తుంచుకోండి,” అన్నారు ఆయన.

“సీటు రావాలంటే చదవటం మానేయాలా సార్?” అంది దీవెన నన్నే. నాకు కడుపు మండిపోయింది. ఆ మంటతో ఏం చేశానని అడగొద్దు, ఏమీ చేయలేదు. ఆమె రాసిచ్చింది. తల్లి రెండేళ్ళుగా అందరికీ చెప్పుకుంటోంది మా పిల్ల పెద్ద కాలేజీకి పోద్దని. పుస్తకాన్ని ఆయన బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆ తర్వాత గోవిందాచార్యులు గారు స్వయంగా తనిఖీకి వచ్చారు. సర్వోత్తమరావు గారు ముగ్గుల పోటీ పెట్టారు, అంశం బదలాయింపు ప్రణాళిక. కాలేజీ ముందు ఆవరణంతా బాణాలు, డబ్బాలు, వాటి మధ్య రంగులు. ‘ప్రవేశం’ దగ్గర గొబ్బెమ్మ, ‘మూడో సంవత్సరం’ దగ్గర కలశం. డైరెక్టరు గారు చెప్పులు విప్పి ముగ్గు తొక్కకుండా, ఎక్కడా తొందరపడకుండా, పక్కపక్కనుంచి నడిచి లోపలికి వచ్చారు. ప్రణాళికా మందిరంలో ఒక దుప్పటి కొస ఎత్తి చూశారు.

“దీన్ని ఎవరైనా ఆన్ చేశారా?”

“తమ దయవల్ల ఇంతవరకు ఎవ్వరూ చేయలేదండీ,” అన్నారు సర్వోత్తమరావు గారు.

“అద్భుతం.” దుప్పటి సరిచేశారు. “చాలా చోట్ల చూశాను. ఎక్కడో ఒకచోట ఎవడో ఒకడు ఏదో ఒకటి నేర్చేసుకుంటున్నాడు. ఇంత క్రమశిక్షణ ఎక్కడా లేదు.”

నేర్చుకున్న ఒక్కరి పుస్తకం పక్క గదిలో బీరువాలో ఉంది. సర్వోత్తమరావు గారు ఆ సంగతి ఎత్తలేదు. ఆయనకి మనుషుల మీద కాస్త ప్రేమ ఉందని నేను ఆ రోజే గమనించాను.

ఇంకేముంది, కాగల కార్యం గంధర్వులే తీర్చారు. విశ్వవిద్యాలయం సిలబస్ మారింది. మారినదానికీ పాతదానికీ తేడా ఏమిటా అని ఆత్రంగా చూశాను. పాత సిలబస్‌లో నాలుగో యూనిట్‌గా ఉన్నది మూడో యూనిట్ అయింది, మూడోది నాలుగోది అయింది. అంతే. లూపులు ఎక్కడివక్కడే ఉన్నాయి. దాన్నిబట్టి మేం రాసిన ప్రణాళికకి ఆమోదం కూడా వచ్చేసింది. తక్షణం బోధన ప్రారంభించవచ్చునన్నారు. అప్పటికి రెండేళ్ళ కోర్సు ముగియడానికి ఇంకా వారం ఉంది.

ఆ వారంలో చెబుతానని నేను సుద్దముక్క పట్టుకున్నాను. కుదరదన్నారు. ఎందుకంటే ఆ వారమంతా సన్మానానికి ఏర్పాట్లు. వృథా క్రెడిట్లు సున్నాగా నమోదైన ఏకైక కాలేజీ మాది. ప్రణాళిక సబ్జెక్టులకి అసలు క్రెడిట్లే లేవు, క్రెడిట్లున్నవి ఎవరూ చదవలేదు కాబట్టి ఏదీ వృథా కాలేదు. అంత తేలికైన కిటుకు మిగతా కాలేజీలకి ఎందుకు తట్టలేదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

షామియానా వేశారు. కరుణమ్మ ఆ రోజు పని మానుకుని ఇస్త్రీ చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. గోవిందాచార్యులు గారు మా ప్రిన్సిపాల్ గారికి షీల్డు ఇచ్చి, ఆదర్శ విద్యార్థిని అంటూ దీవెనని వేదిక మీదికి పిలిచారు.

“ఈమె సంపాదించిన క్రెడిట్లు నూటికి నూరు శాతం బదిలీ అయ్యాయి,” అని మైకులో ప్రకటించారు. “సున్నాకి సున్నా. ఒక్కటి కూడా జారిపోలేదు.”

జనం చప్పట్లు కొట్టారు. కరుణమ్మ అందరికన్నా గట్టిగా కొట్టింది.

“అయితే నాకు మూడో సంవత్సరం సీటు ఇస్తన్నారా సార్?” అంది దీవెన. మైకు దగ్గరే ఉండటంతో అందరికీ వినపడింది.

“క్రెడిట్లు లేకుండా మూడో సంవత్సరంలో ఎలా కూర్చుంటావమ్మా?”

“పోనీ మొదటి సంవత్సరంలో కూర్చోబెట్టండి సార్.”

“రెండేళ్ళు దిగ్విజయంగా పూర్తి చేసుకున్నవారు మొదటి సంవత్సరానికి అనర్హులు. అది నీ స్థాయికి తగదు కూడా.”

“మరి నేను ఎక్కడ కూర్చోవాలి సార్?”

గోవిందాచార్యులు గారు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, కళ్ళు కూడా మూసుకున్నారు. “ఇది విధానపరమైన ప్రశ్న. దీనిపై ఒక కమిటీ వేస్తాం. ప్రస్తుతానికి అక్కడ కూర్చో,” అని వేదిక మీద ఖాళీగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీ చూపించారు. దీవెన కూర్చోలేదు. ఆమె మెళ్ళో దండ వేశారు. ఫొటో తీశారు. సభ ముగిసింది. జనం పులిహోర పొట్లాల దగ్గరికి వెళ్ళారు.

మెట్ల దగ్గర దీవెన కనపడింది. దండ ఇంకా మెళ్ళోనే ఉంది. ఏడుస్తోంది. వాళ్ళమ్మ అవతల ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. సున్నాకి సున్నా అంటే ఏమిటో ఆమెకి ఇంకా ఎవరూ చెప్పలేదు.

“అమ్మకేం చెప్పను సార్? నర్సింగు పోయె, ఇదీ పోయె. చదవను అని సంతకం కూడా పెట్టా గదా సార్. వాళ్ళు చెప్పిందల్లా చేశా గదా.”

సిగ్గుతో చచ్చిపోయాను. రేపు పొద్దున రమ్మన్నాను. ఎందుకు అని అడిగింది. లూప్ సగంలో ఆపేశాం కదా అన్నాను.

మర్నాడు నేను వెళ్ళేసరికి ప్రణాళికా మందిరంలో చార్టులన్నీ చుట్టి మూలన నిలబెట్టి ఉన్నాయి. దీవెన ఒక కంప్యూటర్ మీద దుప్పటి లాగేసి, కీబోర్డు మీది ఎండిపోయిన కుంకుమని చున్నీ కొంగుతో తుడుస్తోంది. స్విచ్చి వేస్తే అది కొంతసేపు మూలిగి వెలిగింది. నేను బోర్డు మీద నాలుగు లైన్లు రాశాను. ఆమె వాటిని కొట్టింది. తప్పొచ్చింది. సరిచేసింది. మళ్ళీ తప్పొచ్చింది. మూడోసారికి తెర మీద ఆమె పేరు వరసగా కిందికి పడుతూ పోయింది, ఎంతకీ ఆగకుండా. ఆపడం నేను ఇంకా చెప్పలేదు. ఆమె నవ్వింది. రెండేళ్ళలో ఆమె నవ్వడం నేను చూసింది అదే. గుమ్మంలో నిలబడి చూస్తున్న పిల్లలు ఒక్కొక్కళ్ళే లోపలికి వచ్చి మిగతా దుప్పట్లు కూడా లాగేశారు.

కాసేపటికి సర్వోత్తమరావు గారు వచ్చారు, చేతిలో అప్పటికప్పుడు రాయించిన మెమోతో. నిలబడే చదివారు.

“ఆమోదిత కాలవ్యవధి ముగిసిన పిమ్మట అనధికారికంగా బోధన జరిపి, సదరు విద్యార్థినికి బదలాయింపునకు అర్హము కాని విద్య అబ్బునట్లు చేసి, తద్ద్వారా ఈ కళాశాల చరిత్రలో మొట్టమొదటి వృథాకు కారకులైనందున తమపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపగలరు.” కాగితం దించారు. “షీల్డు వెనక్కి అడుగుతారండీ పరాంకుశం గారూ. నిన్ననే కదండీ ఇచ్చారు.”

నేను మెమో అందుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఆయన వెళ్ళకుండా అక్కడే నిలబడ్డారు. తెర మీద పేరు ఇంకా పడుతూనే ఉంది.

దీవెన కుర్చీ నా వైపు తిప్పుకుని కూర్చుంది.

“సార్, ఇది అయింది గదా,” అంది. “ఇయ్యాల ఇంకేం వృథా చేద్దాం?”